కొట్టివేతలు

పట్నం బజారులో ఇత్తడి సామాను కొట్టు పక్క సందులో
నాన్న త్రాసు ఇంకా ఉంది. గాజు తలుపుల త్రాసు.
గాలి తగిలితే ముల్లు అబద్ధమాడుతుందని
మమ్మల్ని ఊపిరి బిగబట్టమనేవాడు.

మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగిన పూట
గుంటూరులో ఎవరి ముక్కూ ఎవరి మాటా వినదు.
ఆ పూట నాన్న ఏ సీసా మూతా తీసేవాడు కాదు.
నోటుబుక్కు ముందేసుకుని కూర్చునేవాడు.

అందులో పదిహేడో పేజీ, పదిహేడో నంబరు సెంటు.
పెళ్ళిళ్ళ రోజుల్లో తెనాలి నుంచీ నరసరావుపేట నుంచీ
మనుషులొచ్చి పట్టుకెళ్ళిన సెంటు.
"కస్తూరి, రెండు గురిగింజల ఎత్తు." తాత రాత.
దాని మీద నల్ల సిరా గీత.
ఆ మృగాన్ని చంపితే జైలన్నారట.
తాత ఏనాడూ దాన్ని చూసిన పాపాన పోలేదు,
బంగారం ధర పెట్టి కొన్న పొడిలో
సగం ఎండిన నెత్తురేనని మాత్రం ఎరుగును.
గీత స్కేలు పెట్టి తిన్నగా కొట్టాడు.

కింద నాన్న రాత: "మస్క్ అంబ్రెట్, నూటికి ఎనిమిది."
బొంబాయి డబ్బాలో పసుప్పచ్చ పలుకులు.
బాంబుల మందు వెతుకుతూ ఎవరో దొర
పొరపాటున దీని అన్నగారిని పుట్టించాడని
నాన్న కథలా చెప్పేవాడు.
దాని మీద ఎర్ర గీత.

ఆ గీత సంగతి తర్వాత.

ఓక్‌మాస్ ఉంది. ఏ దేశపు చెట్టు బెరడు మీదిదో నాచు,
వాన వెలిశాక పెంకుటింటి గోడ వాసన.
దాన్ని కొట్టెయ్యలేదు, అంకె మారుతూ వచ్చింది.
రెండు. అర. అరలో పదో వంతు.
పులుసులో ఇంగువ తగ్గిస్తూ తగ్గిస్తూ
చివరికి డబ్బా చూపించి వడ్డించినట్టు.

లిలియాల్ మీది నీలం బాల్‌పెన్ గీత నాది.
సబ్బులు పైదేశాలకు పంపే చెన్నై కంపెనీ
మెయిల్లో ఒక్క వాక్యం రాసింది. కొట్టేశాను.
అరగంట కూడా పట్టలేదు, సిగ్గుపడలేదు కూడా.

"పాత వాసన లేదమ్మా" అంటాడు టైలర్ బుడేసాహెబు,
మణికట్టు ముక్కు దగ్గర పెట్టుకుని, నన్ను దొంగలా చూస్తూ.
లేదు మామయ్యా, నిజమే, అంటాను.

యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళొస్తారు
పది రూపాయల సీసాకి.
మజ్జిగలో ముంచినా చల్లారని వేళ్ళు.
వాళ్ళ చేతులకి నూటికెంత మంట ఉండొచ్చో
ఏ కాగితమూ రాలేదు ఇప్పటిదాకా.
"ఇది రాస్తే మండదుగా?" అని అడుగుతారు,
నేను నవ్వబోయి ఆగిపోతాను.

ఇక ఎర్ర గీత.
శుక్రవారం శుక్రవారం నాన్న వేలి కొసతో
అమ్మ చెవి వెనక పదిహేడో నంబరు అద్దేవాడు.
అమ్మ డాబా ఎక్కి ఒడియాలు పెట్టేది, ఎండలో.
చింతగింజంత మచ్చ. మరు వేసవికి తమలపాకంత.
గొలుసు పడలేదన్నాడు డాక్టరు, గొలుసు తీసేసింది.
దిష్టన్నది నానమ్మ,
ఎండుమిరపకాయలు చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది.
ఘాటు రాలేదు చూశారా, అన్నది.

మూడేళ్ళకి బొంబాయి నుంచి ఉత్తరం.
అంబ్రెట్ ఆపెయ్యాలి. ఎండ తగిలితే చర్మం నల్లబడుతుంది.
మీరావలి అనే మా నాన్న మిట్టమధ్యాహ్నం కొట్టు మూసి
ఇంటికొచ్చి, అన్నం కలుపుతున్న అమ్మ వెనక నిలబడ్డాడు.
"ఏంటి?" అన్నది అమ్మ.
ఏం లేదన్నాడు.
ఆ పేజీలో తిన్నగా లేని గీత అదొక్కటే.
కాగితం చిరిగి వెనక పద్దెనిమిదో నంబరు కనిపిస్తుంది.

పాత పదిహేడు ఒక సీసా మిగిలింది బీరువాలో.
ఎప్పుడో ఒకసారి అడిగి తీయించుకుంటుంది మౌలాబీ, మా అమ్మ.
రాసుకోదు. మూత వాసన చూసి తిరిగిస్తుంది.
మచ్చ అలాగే ఉంది, తెల్ల వెంట్రుకల కింద.

"లోపల పెట్టు" అంటుంది,
"ఎండ తగలనీకు. పాడైపోద్ది."